నేల మీదే తప్పిన దారి

1937 మార్చి 20, శనివారం. హవాయి దీవుల్లో అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. పెర్ల్ హార్బర్ మధ్యలో ఫోర్డ్ ఐలాండ్ అనే చిన్న దీవి. దాని మీద అమెరికా సైన్యానికి చెందిన ల్యూక్ ఫీల్డ్. రన్‌వే చివర జంట ఇంజన్ల విమానం ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఆరు గంటలు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి.

పైలట్ సీట్లో ఉన్నది అమీలియా ఇయర్‌హార్ట్. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన తొలి మహిళ. పక్క సీట్లో రేడియో తెలిసిన హ్యారీ మానింగ్. వెనకాల మ్యాపులు పరుచుకుని నావిగేటర్ ఫ్రెడ్ నూనన్. విమానం లాక్‌హీడ్ ఎలక్ట్రా 10ఈ. పదిమంది ప్రయాణికులు కూర్చోవాల్సిన చోట సీట్లు తీసేసి పెట్రోలు ట్యాంకులు బిగించారు. ఆ ఉదయం అందులో 900 గ్యాలన్ల పెట్రోలుంది. అంటే 3,400 లీటర్లు. బరువు చూస్తే దాదాపు రెండున్నర టన్నులు. విమానం సొంత బరువే మూడు టన్నులకు కాస్త ఎక్కువ.

భూగోళాన్ని చుట్టే ప్రయాణంలో ఇప్పుడు వెళ్లాల్సింది హౌలాండ్ దీవికి. దూరం సుమారు 1,900 మైళ్లు. పసిఫిక్ మధ్యలో రెండున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు కూడా లేని వెడల్పు ఉన్న ఇసుక దిబ్బ అది. ఎత్తైన చెట్లు లేవు, కొండా గుట్టా లేవు. ఆ దిబ్బ మీద ఈమె దిగడం కోసమే రన్‌వేలు చదును చేసి ఉంచారు.

అమీలియా రెండు ఇంజన్ల థ్రాటిళ్లనూ ముందుకు నెట్టింది. ఎలక్ట్రా కదిలింది. మొదట భారంగా, తర్వాత వేగంగా. తోక లేచింది. వెయ్యి అడుగులు దాటేసరికి విమానం ముక్కు కుడివైపు లాగడం మొదలైంది.

ఆమె ఎడమ ఇంజన్ జోరు తగ్గించింది. కుడివైపు లాగుడు ఆగింది. ఆగిన చోట నిలవలేదు. ముక్కు ఎడమకు తిరిగింది, ఇంకా తిరిగింది. ఆ బరువంతా ఒక్కసారిగా కుడివైపు చక్రం మీద పడింది. పక్కవాటు ఒత్తిడికి ల్యాండింగ్ గేర్ విరిగిపోయింది. విమానం పొట్ట మీద పడి, నిప్పురవ్వలు చిమ్ముతూ కాంక్రీటు మీద జారుకుంటూ పోయింది.

చుట్టూ పెట్రోలు, కింద నిప్పురవ్వలు. ఒక్కటి అంటుకుంటే ముగ్గురిలో ఎవరూ మిగలరు. అమీలియా చెయ్యి అప్పటికే ఇంజన్ల స్విచ్చుల మీదికి వెళ్లింది. రెండూ ఆపేసింది. అగ్నిమాపక బండ్లు పరిగెత్తుకొచ్చాయి గానీ వాటికి పని పడలేదు. ముగ్గురూ నడిచి బయటికొచ్చారు. ఒంటి మీద గాయం లేదు.

ప్రాణాలతో బయటపడ్డారు కాబట్టి ఆ ఉదయాన్ని చరిత్ర ఒక చిన్న అధ్యాయంగా దాటేస్తుంది. అక్కడ ఆగి చూడాల్సిందే చాలా ఉంది. మూడున్నర నెలల తర్వాత జరిగిన విషాదానికి పునాది ఆ కొన్ని సెకన్లలోనే పడింది.

చక్రాల వెనక బరువు

విమానం నేల మీద పరుగెడుతూ పైలట్ చేతికి లొంగకుండా గిర్రున పక్కకు తిరిగిపోవడాన్ని పైలట్లు గ్రౌండ్‌లూప్ అంటారు. ఆ రోజుల్లో విమానం నడిపినవాళ్లలో దాని భయం తెలియనివాళ్లు లేరు. కారణం విమానం నిర్మాణంలోనే ఉంది. అప్పటి విమానాలకు ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉండేవి. ఇంజన్లు, ఇంధనం, మనుషులు అన్నిటి బరువూ కలిసి కేంద్రీకృతమయ్యే బిందువు పెద్ద చక్రాలకు కాస్త వెనకగా ఉండేది.

ఎద్దుల్ని విప్పేసిన బండిని నొగ పట్టుకుని లాగితే బుద్ధిగా వెంట వస్తుంది. అదే బండిని వెనక్కి నెడితే కాస్త వంకర పడగానే ఇంకా పక్కకు తిరుగుతుంది, సరిచేసేలోపే అడ్డం పడుతుంది. తోకచక్రం విమానం నేల మీద ఎప్పుడూ ఆ రెండో స్థితిలోనే ఉంటుంది. ముక్కు ఒక్క డిగ్రీ తప్పినా వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది. ఆ తిరుగుడు మొదలయ్యాక సరిచేయడం కంటే, మొదలుకాకుండా చూసుకోవడమే పైలట్ పని.

తిరుగుడును ఆపడానికి పైలట్‌కు ఉన్న ముఖ్య సాధనం తోక మీది రడ్డర్. అది గాలితో పనిచేస్తుంది. వేగం బాగా ఉంటే గాలి దాన్ని బలంగా తోస్తుంది. వేగం లేకపోతే అది పేరుకే ఉంటుంది. అందుకే గ్రౌండ్‌లూప్‌లు ఎక్కువగా దిగేటప్పుడే వస్తాయి. విమానం నేలను తాకి వేగం తగ్గుతున్నకొద్దీ రడ్డర్ బలం సన్నగిల్లుతుంది. పక్కగాలి ఒక్క తోపు తోస్తే చాలు. చక్రాలు నేలను తాకాయి కదా అని పైలట్ మనసు సడలించే క్షణమూ అదే. ఎగిరేటప్పుడు పరుగు మొదట్లోనూ ఇదే పరిస్థితి. వేగం ఇంకా రాలేదు, బరువు మాత్రం నిండుగా ఉంటుంది.

అమీలియాకు ఇది కొత్త కాదు. 1928 ఆగస్టులో ఆవ్రో ఏవియన్ అనే తేలికపాటి విమానంలో పిట్స్‌బర్గ్‌లో దిగుతుండగా గడ్డిలో కనిపించని గుంటలో చక్రం పడి విమానం తిరిగిపోయింది. ప్రొపెల్లర్, కింది రెక్క, చక్రాల అమరిక దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది మహిళల విమాన పందెంలో యూమా దగ్గర దిగినప్పుడు విమానం ఇసుకలోకి దూసుకుపోయి ప్రొపెల్లర్ వంగింది. రెండుసార్లూ బాగుచేయించుకుని ముందుకు సాగింది. ఆ తరం పైలట్లందరి కథా అంతే. దిగడానికి పొలాలు, ఆటస్థలాలు, గడ్డిమైదానాలు తప్ప చదునైన రన్‌వేలు దొరకని కాలం అది.

ఎలక్ట్రా మాత్రం ఆ చిన్న విమానాల్లాంటిది కాదు. రెక్కల మీద 600 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు. ఒకదాని జోరు ఇంకోదానికంటే ఏమాత్రం తేడాగా ఉన్నా ముక్కు తిరుగుతుంది. తిరిగిన ముక్కును రడ్డర్‌తో సరిచేయవచ్చు, లేదా ఒక ఇంజన్ జోరు తగ్గించి సరిచేయవచ్చు. రెండో దారి చేతికి సులభం, ఫలితం మొరటు. థ్రాటిల్ వెనక్కి లాగగానే ఒకవైపు లాగుడు ఒక్కసారిగా పడిపోతుంది. టన్నుల బరువున్న విమానం ఆ తేడాకు ఎదురుతిరిగి రెండోవైపు ఊగుతుంది. హాలీవుడ్ సినిమాల్లో విమాన విన్యాసాలు చేసిన పాల్ మాంజ్ అమీలియాకు సాంకేతిక సలహాదారు. నేల మీద దారి నిలబెట్టడానికి థ్రాటిళ్లతో ఆడవద్దని ఆయన ఆమెకు చెబుతూ వచ్చాడు.

ఎవరి లెక్క వారిది

మూడు రోజుల ముందు, మార్చి 17న, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నుంచి హవాయికి ఈ విమానం 15 గంటల 47 నిమిషాల్లో వచ్చింది. అప్పటికి అదొక రికార్డు. ఆ ప్రయాణంలో మాంజ్ కూడా ఉన్నాడు. హవాయిలో దిగాక ఒక ప్రొపెల్లర్ సరిగా పనిచేయడం లేదని తేలింది. ల్యూక్ ఫీల్డ్‌లోని సైనిక మెకానిక్కులు దాన్ని విప్పి బాగుచేశారు. వాళ్లు దిగిన వీలర్ ఫీల్డ్ గడ్డినేల నుంచి ఇంత బరువుతో లేవడం కష్టమని విమానాన్ని ల్యూక్ ఫీల్డ్‌కు తెచ్చారు. మాంజ్ అక్కడే ఆగిపోయాడు. భూగోళాన్ని చుట్టే ప్రయాణంలో అతనికి చోటు లేదు.

ప్రమాదం తర్వాత ఎవరి వివరణ వారు చెప్పారు. కుడివైపు టైరు పేలిందని చూసినవాళ్లలో కొందరన్నారు. కుడి ల్యాండింగ్ గేర్‌లోని కుదుపులు పీల్చే భాగం దెబ్బతిని ఉండవచ్చని అమీలియా రాసింది. థ్రాటిళ్లతో సరిచేయబోవడమే కారణమని మాంజ్ నమ్మాడు. సైన్యం విచారణ బోర్డు వేసింది. అదుపు తప్పిన గ్రౌండ్‌లూప్ వల్లే ల్యాండింగ్ గేర్ విరిగిందని బోర్డు తేల్చింది. గ్రౌండ్‌లూప్ ఎందుకు వచ్చిందో నిర్ధారించడానికి తగిన ఆధారాలు లేవని కూడా రాసింది.

తప్పు ఎవరిదన్న ప్రశ్న మీద ఎనభై ఏళ్లకు పైగా వాదన సాగుతూనే ఉంది. నన్ను పట్టి లాగేది ఆ ప్రశ్న కాదు. ఆ తర్వాత ఏం బాగుచేశారు, ఏం బాగుచేయలేదు అన్నది.

విమానం బాగైంది

అదే రోజు అమీలియా బృందం ఓడెక్కి అమెరికా ప్రధాన భూభాగానికి తిరుగుముఖం పట్టింది. విరిగిన ఎలక్ట్రాను కూడా ఓడలోనే పంపారు. బర్బాంక్‌లోని లాక్‌హీడ్ కర్మాగారంలో దాదాపు రెండు నెలలు పనిచేసి దాన్ని మళ్లీ నిలబెట్టారు. అమీలియా భర్త జార్జ్ పట్నమ్ డబ్బు సమకూర్చే పనిలో పడ్డాడు. విమానం కొనడానికి మొదట్లో నిధి సమకూర్చింది పర్డ్యూ విశ్వవిద్యాలయం. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదల అమీలియాది. ప్రయాణం మానుకునే ఆలోచన ఆమె దగ్గరికి కూడా రాలేదు.

విమానం సిద్ధమయ్యేసరికి మే నెల నడుస్తోంది. ఋతువు మారిపోయింది. మొదటి పథకం ప్రకారం పడమటి దిశగా వెళ్తే కరీబియన్, ఆఫ్రికా ప్రాంతాలు చేరేసరికి అక్కడ వాతావరణం చెడిపోయే కాలం వస్తుంది. అందుకని దిశ తిప్పేశారు. పడమటికి వెళ్లాల్సిన విమానం తూర్పుకు బయల్దేరింది.

మ్యాపు మీద ఇది బాణం గుర్తు తిప్పినంత సులభం. ఆ తిప్పడంతో ఏం మారిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి పథకంలో హౌలాండ్ దీవి ప్రయాణం తొలినాళ్లలోనే వచ్చేది. మనుషులు తాజాగా, విమానం కొత్తగా ఉన్నప్పుడు. ఇప్పుడది ప్రయాణం చివరికి, భూగోళంలో మూడు వంతులకు పైగా చుట్టాక వచ్చింది. అప్పట్లో హోనలులు నుంచి 1,900 మైళ్లు. ఇప్పుడు న్యూ గినీలోని లే పట్టణం నుంచి 2,556 మైళ్లు.

అన్నిటికంటే పెద్ద మార్పు మనుషుల్లో. మొదటి పథకంలో నూనన్ హౌలాండ్ దాకా, మానింగ్ ఆస్ట్రేలియా దాకా వస్తారు, ఆ తర్వాత అమీలియా ఒంటరిగా సాగుతుంది అన్నది ఏర్పాటు. అంటే సముద్రంలో ఆ చిన్న దిబ్బను వెతికే రోజున విమానంలో నక్షత్రాల లెక్క తెలిసినవాడు ఒకడు, రేడియో తెలిసినవాడు ఒకడు ఉండేవారు. మానింగ్ ఓడల కెప్టెన్. మోర్స్ సంకేతాలు చేతికి అలవాటైనవాడు. సెలవు పెట్టి వచ్చాడు. ప్రమాదం తర్వాత సెలవు గడువు తీరిందన్న కారణంతో తప్పుకున్నాడు. అతని స్థానంలో ఇంకెవరినీ తీసుకోలేదు.

నూనన్ పాన్ అమెరికన్ సంస్థలో పనిచేసిన గొప్ప నావిగేటర్. పసిఫిక్ మీదుగా 1935లో చైనా క్లిప్పర్ తొలి టపా ప్రయాణానికి దారి చూపినవాడు. అమీలియాకు గానీ, అతనికి గానీ మోర్స్‌లో మానింగ్‌కున్నంత పట్టు లేదు. దూరం నుంచి దిక్కు పట్టడానికి పనికొచ్చే, విమానం వెనక వేలాడదీసే పొడవాటి యాంటెన్నా కూడా రెండో ప్రయాణంలో లేదు.

బర్బాంక్‌లో విరిగిన ప్రతి రేకునూ బాగుచేశారు, వంగిన ప్రొపెల్లర్లు మార్చారు. మానింగ్ సీటు మాత్రం ఖాళీగానే మిగిలిపోయింది. ఆ ఖాళీ కంటికి కనపడేది కాదు. దాన్ని ఏ మెకానిక్కూ పట్టుకోలేడు.

మన దేశం మీదుగా

జూన్ 1న అమీలియా, నూనన్ మయామీ నుంచి బయల్దేరారు. దక్షిణ అమెరికా తీరం, అట్లాంటిక్, ఆఫ్రికా అడ్డంగా దాటి, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న అస్సబ్ నుంచి ఎక్కడా ఆగకుండా కరాచీలో దిగారు. ఎర్రసముద్రం నుంచి అప్పటి భారతదేశానికి నేరుగా ఎగరడం అదే మొదటిసారి. జూన్ 17న కలకత్తాలోని డమ్‌డమ్ చేరారు.

అక్కడ వాళ్లకు ఎదురైంది మన నైరుతి రుతుపవనం. రాత్రంతా కురిసిన వానకు డమ్‌డమ్ నేల బురదైంది. మరునాడు పెట్రోలు నింపుకున్న ఎలక్ట్రా ఆ బురదను వదిలి లేవడానికి ఎంత పెనుగులాడిందో అమీలియా పంపిన కథనంలో ఉంది. మట్టి చక్రాలను పట్టుకుని వదలలేదు. చివరికి విమానాశ్రయం అంచున ఉన్న చెట్లను కొద్దిలో తప్పించుకుని పైకి లేచింది. ల్యూక్ ఫీల్డ్‌లో దెబ్బ తగిలింది నేల మీది పరుగులోనే. ఈసారి ఆమె దారి తప్పలేదు. ఆమెకు నేల మీద విమానం నడపడం రాదని తేలికగా తీర్పు చెప్పేవాళ్లు డమ్‌డమ్ పరుగును కూడా లెక్కలో వేసుకోవాలి.

బర్మాలోని అక్యాబ్ చేరి, అక్కడి నుంచి రంగూన్ వెళ్లబోతే కుంభవృష్టి వెనక్కి తరిమింది. మళ్లీ ప్రయత్నించి సాధించారు. బ్యాంకాక్, సింగపూర్, బాండుంగ్, డార్విన్ దాటి జూన్ నెలాఖరుకు లే చేరారు. అప్పటికి 22,000 మైళ్లు తిరిగారు. ఇక మిగిలింది పసిఫిక్.

హౌలాండ్ కనిపించలేదు

జూలై 2 ఉదయం పది గంటలకు లే నుంచి ఎలక్ట్రా బయల్దేరింది. హౌలాండ్ దగ్గర అమెరికా కోస్ట్‌గార్డ్ ఓడ ఇటాస్కా కాచుకుని ఉంది. రాత్రంతా ఎగిరి, తెల్లవారాక అమీలియా గొంతు ఓడ రేడియోలో బలంగా వినిపించడం మొదలైంది. మేం మీ మీదే ఉండాలి, మీరు కనిపించడం లేదు, పెట్రోలు తగ్గిపోతోంది అన్నది ఆ సందేశాల సారాంశం. అంత దగ్గరగా వచ్చారు.

ఓడవాళ్లకు ఆమె మాట వినపడుతోంది. ఆమె ఏ దిక్కున ఉందో మాత్రం పట్టుకోలేకపోయారు. దిక్కు పట్టడానికి సంకేతం కాసేపు ఆగకుండా రావాలి. ఆమె మాటలు క్లుప్తంగా వచ్చి ఆగిపోతున్నాయి. ఆమె కోరిన తరంగం మీద ఓడ సంకేతాలు పంపింది. అవి అందాయని ఆమె చెప్పింది, వాటితో దిక్కు మాత్రం తేల్చుకోలేకపోయింది. ఓడవాళ్లు మోర్స్‌లో పంపుతున్నారు, విమానంలోని ఇద్దరికీ అందులో అంత పట్టు లేదు. బయల్దేరి 20 గంటలు దాటాక, తాము ఉత్తర దక్షిణాలుగా వెతుకుతున్నామన్న మాట వచ్చింది. ఓడ నమోదు చేసిన ఆఖరి మాట అదే.

ఆ తర్వాత విమానవాహక నౌక లెక్సింగ్టన్‌తో సహా నౌకాదళం రెండున్నర లక్షల చదరపు మైళ్ల సముద్రం గాలించింది. జూలై 19న వెతుకులాట ఆపేశారు.

మానింగ్ ఉంటే ఆ ఇద్దరూ బతికేవారని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. ఆ ఉదయం లోపించింది మాత్రం మానింగ్‌కు తెలిసిన విద్యే. ల్యూక్ ఫీల్డ్‌లో విమానం తిన్నగా ఇంకో వెయ్యి అడుగులు పరుగెత్తి ఉంటే ఆ విద్య హౌలాండ్ దాకా ఆమె పక్క సీట్లోనే ఉండేది.

చిన్న ప్రమాదం చెప్పేది

అదే 1937లో అమెరికాలో ఎర్‌కూప్ అనే చిన్న విమానం తొలిసారి ఎగిరింది. దానికి చిన్న చక్రం తోక కింద కాదు, ముక్కు కింద ఉంది. పెద్ద చక్రాలు బరువుకు వెనకగా ఉన్నాయి. ముక్కు కాస్త పక్కకు తిరిగినా బరువే దాన్ని మళ్లీ తిన్నని దారికి లాగుతుంది. తర్వాతి దశాబ్దాల్లో సెస్నా 172 వంటి శిక్షణ విమానాలన్నీ ఆ బాటే పట్టాయి. నేడు మన దేశంలో విమానం నడపడం నేర్చుకునే పిల్లలు ఎక్కువమంది మొదట ఎక్కేది ముక్కుచక్రం విమానమే. ఒక తరం పైలట్లు విరగ్గొట్టుకున్న చక్రాల నుంచి ఇంజనీర్లు నేర్చుకున్న పాఠమది. వాటిలో కూడా పక్కగాలికి దారి తప్పే విమానాలు ఉంటూనే ఉన్నాయి. అందుకే విమానం పూర్తిగా ఆగి ఇంజన్ కట్టేసేదాకా ఎగురుతున్నట్టే లెక్క అని గురువులు ఇప్పటికీ నూరిపోస్తారు.

విమానం నిర్మాణం గురించిన పాఠం లోకం నేర్చుకుంది. రెండో పాఠం అంత సులభంగా ఎక్కదు. ప్రాణాలు పోయిన ప్రమాదం తర్వాత అందరూ ఆగి ఆలోచిస్తారు. ఎవరికీ గాయం కాని ప్రమాదం తర్వాత ఊపిరి పీల్చుకుని, విరిగినదాన్ని అతికించి, మళ్లీ బయల్దేరతాం. నిజానికి మనం ఎక్కువ జాగ్రత్తగా వినాల్సింది ఆ రెండోదాన్నే. అది ఒక అవకాశం ఇచ్చి వెళ్తుంది. ఏది విరిగింది అని మాత్రమే కాకుండా, దీనివల్ల మన ఏర్పాట్లలో ఇంకేం కదిలిపోయింది, ఎవరు తప్పుకున్నారు, ఏ కష్టమైన పని ఏ అలసిన రోజుకు వాయిదా పడింది అని అడిగే సమయం ఇస్తుంది.

అమీలియా ధైర్యాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకుంటేనే వింతగా చూసిన రోజుల్లో ఆమె మహాసముద్రాలు దాటింది. ల్యూక్ ఫీల్డ్‌లో మంటల అంచున కూడా చెయ్యి వణకకుండా స్విచ్చులు ఆపి ఇద్దరి ప్రాణాలు కాపాడింది. ఆమెకు లోపించింది ధైర్యం కాదు. ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరైనా, విమానం సిద్ధమైంది సరే, మానింగ్ పని ఎవరు చేస్తారని అడిగి, జవాబు దొరికేదాకా ఆమెను కదలనివ్వకుండా ఉండాల్సింది. సాహసం చేసేవాళ్ల వెనక నిలబడేవాళ్ల బాధ్యత అదే.